వాల్టర్ రిజిస్టరులో నా ఎర్ర సిరా

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో మా తెలుగు చర్చికి వచ్చే పిల్లలు నన్ను తాబేళ్ల ఆంటీ అంటారు. నా పేరు రత్నకుమారి అని వాళ్ళలో సగం మందికి తెలియదు. ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా సర్వర్ల గురించో సాఫ్ట్‌వేర్ గురించో మాట్లాడే మనిషే తలుపు తీస్తాడు. నేనొక్కదాన్నే పాతికేళ్ల పైన బురదలో తిరిగి రిటైరయ్యాను.

పోయిన నెల ఆరాధన అయ్యాక జోయన్న వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, బయాలజీ చదువుకుంది.

"ఆంటీ, నాకు జాబ్ వచ్చింది. టర్టిల్స్ మీద ఫీల్డ్ వర్క్. మమ్మీ చాలా వర్రీ అవుతుంది. మీరు నాకు టిప్స్ చెప్తారా?" అంది.

మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు కొనుక్కోమని, గడ్డిలోంచి ఒంటికి పట్టే పిడుదుల కోసం సాయంత్రం ఒళ్ళంతా వెతుక్కోమని, పెన్ను వద్దు పెన్సిలే వాడమని చెప్పి పంపించాను. ఇంటికి వచ్చాక మనసు ఒప్పుకోలేదు. బూట్ల సంగతి కొట్టువాడైనా చెబుతాడు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఒక పెద్దమనిషి పదకొండేళ్ల కష్టాన్ని నేను ఎర్ర పెన్నుతో దాదాపు తుడిచిపెట్టాను. ఆ కథ మావారికి తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నా బరువు కూడా కాస్త దిగుతుంది.

పని అంటే ఏమిటి

డెబ్భైల చివర్లో మావారు జయరాజ్ ఉద్యోగం మీద వస్తే ఆయన వెంట వర్జీనియా వచ్చాను. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. అప్పట్లో ఇక్కడ డేటా సెంటర్లు లేవు. ఆవులు, మొక్కజొన్న, వాగులు, మధ్యలో సన్నటి రోడ్లు. ఒక యూనివర్సిటీలో డాక్టర్ కాల్డర్ అనే ఆవిడ కప్పల మీద, తాబేళ్ల మీద పరిశోధన చేసేది. ఆవిడకు సహాయకురాలు కావాలని తెలిసి వెళ్ళాను. నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "కదలకుండా ఎంతసేపు కూర్చోగలవు?" అని అడిగింది. చర్చిలో మూడు గంటల ప్రసంగాలకు కూర్చున్నదాన్నని చెప్పాను. నవ్వి ఉద్యోగం ఇచ్చింది.

నిజంగా పని అంతే, కూర్చోవడం. జంతువు ఏం చేస్తే అది రాయడం. అది ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదని టైము వేసి రాయడం. నాకు ఇది తలకెక్కడానికి ఒక తప్పు చేయాల్సి వచ్చింది. మొదటి వసంతంలో అడవిలో ఒక వాన నీటి గుంటలో కప్ప గుడ్లను లెక్కపెడుతున్నాను. గుంట రోజురోజుకీ ఎండిపోతోంది. చూడలేక ఒక మధ్యాహ్నం ఆ గుడ్ల ముద్దలను బకెట్‌లో మోసుకుపోయి పక్క పొలం చెరువులో వదిలాను. ఏదో పుణ్యం చేసినట్టు ఇంటికి వచ్చి కడుపునిండా తిని పడుకున్నాను. చెరువులో చేపలున్నాయి. రెండు రోజుల్లో ఒక్క గుడ్డు మిగల్లేదు. చేపల్లేని నీళ్ళ కోసమే ఆ కప్పలు ఎండిపోయే గుంటలను వెతుక్కుంటాయని నాకు పుస్తకంలో తెలుసు, బకెట్ పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు.

"నిన్ను చూడమన్నాను, సాయం చేయమనలేదు" అంది డాక్టర్ కాల్డర్. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆవిడ మంచి బాసు. ఆవిడలో ఒకటే లోపం. లెక్కల కాగితాల మీద ఉన్న ప్రేమ ఆవిడకు పొలం గట్ల మీద లేదు. ఆ లోపమూ, నా గర్వమూ కలిసి వాల్టర్ నెత్తిన పడ్డాయి.

కప్ప ఎడమ

నా గర్వం ఎక్కడిదో చెప్పాలి. మా కాలేజీలో కప్పను మైనపు పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టి గుండుసూదులు గుచ్చి కోసేవాళ్ళం. అలా పడుకున్న కప్ప ఎడమ చెయ్యి మనకు కుడివైపున కనిపిస్తుంది. కొత్త పిల్లలందరూ ఇక్కడే బోల్తా పడేవారు. మా మాస్టారు చెక్క స్కేలుతో వేళ్ళ మీద కొట్టి, "కప్ప ఎడమంటే కప్పది. నీది కాదు" అనేవారు. నేను డిమాన్‌స్ట్రేటర్ అయ్యాక అదే మాట నా విద్యార్థులకు చెప్పాను, వాళ్ళ రికార్డు పుస్తకాల్లో ఎడమ కుడి తారుమారైన బొమ్మలన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేశాను. ఈ ఒక్క విషయంలో నన్ను పట్టుకోగలవాళ్ళు లేరని నా నమ్మకం.

పదకొండేళ్ల రిజిస్టరు

డాక్టర్ కాల్డర్ పెద్ద పని వుడ్ టర్టిల్స్ మీద. వాగుల్లో చలికాలం గడిపి వేసవిలో గట్టెక్కి తిరిగే తాబేళ్లివి. ఒక ఆడ తాబేలు ఏటా అదే చోట గుడ్లు పెడుతుందా, లేక ఎక్కడ పడితే అక్కడా? అది ఆవిడ ప్రశ్న. అందుకు ప్రతి తాబేలునూ గుర్తుపట్టాలి. తాబేలు డిప్ప అంచున వరసగా పలకలుంటాయి. చిన్న ఆకురాయితో ఎడమ అంచున ఒక పలకకు, కుడి అంచున ఒక పలకకు గాటు పెడతాం. ఎడమ అంకె ముందు, కుడి అంకె తరువాత. ఎడమ మూడో పలక, కుడి ఎనిమిదో పలక అయితే దాని పేరు మూడు–ఎనిమిది. జీవితాంతం ఆ పేరు చెరగదు.

ఆ గాట్లు పెట్టి రిజిస్టరు రాసిన మనిషి వాల్టర్. పాల డెయిరీలో పనిచేసి మానేసిన రైతు, అరవై దాటినవాడు, ఎనిమిదో తరగతి దాకా చదివాడు. పదకొండు వేసవులు ఆ వాగు వెంట ఒక్కడే తిరిగాడు. నేను చేరిన మూడో ఏడు చలికాలంలో ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. వసంతం వచ్చేసరికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు గానీ వాగులోకి దిగలేడు. కాబట్టి ఏప్రిల్‌లో ఆ రిజిస్టరు నా చేతికొచ్చింది. ఆయనతో కలిసి ఒక్క రోజు కూడా నేను వాగుకు వెళ్ళలేదు.

మొదటి వారంలోనే నాకు తేడా కనిపించింది. మూడు–ఎనిమిది దొరికింది, చూస్తే ఆడది. రిజిస్టరులో మగది అని ఉంది. మగ తాబేలుకు పొట్ట వైపు పలక లోపలికి గుంటపడి ఉంటుంది, తోక లావుగా ఉంటుంది, చేతిలో పట్టుకున్నవాళ్ళు పొరబడే అవకాశం తక్కువ. ఇంకొకటి దొరికింది, దాని అంకె రిజిస్టరులోనే లేదు. మరొకటి వాల్టర్ రాసిన కొలతకంటే చిన్నదిగా ఉంది. తాబేలు పెరుగుతుంది గానీ కుంచించుకుపోతుందా? ఎనిమిది–ఎనిమిది, ఒకటి–ఒకటి లాంటివి మాత్రం సరిగ్గా సరిపోయాయి. అంటే నేను చదవడంలో తప్పు లేదన్నమాట అనుకున్నాను. ఆయనే అశ్రద్ధగా రాశాడు.

నేనేం చేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, రికార్డు పుస్తకం దిద్దినట్టు, ఆయన రిజిస్టరు దిద్దాను. "తప్పు. ఆడది." "తప్పు. కొలత చూసుకోవాలి." పేజీ తరువాత పేజీ. మే నెలాఖరుకు ఆ పుస్తకం డాక్టర్ కాల్డర్ బల్ల మీద పెట్టాను.

"నువ్వు ఖచ్చితంగా చూశావా?" అని అడిగింది.

"ప్రతి ఒక్కదాన్నీ చేత్తో పట్టుకుని చూశాను" అన్నాను. అబద్ధం కాదు.

వాల్టర్‌ను పిలిపించారు. కర్ర కుర్చీకి ఆనించి, కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర సిరా పేజీలు నిదానంగా తిప్పాడు. ముఖం మీద కోపం లేదు. మా మాస్టారి స్కేలు దెబ్బ తిన్న పిల్లవాడి ముఖం కూడా కాదు. ఏదో ఆలోచిస్తున్నట్టున్నాడు.

"ఈవిడ రాసింది తప్పని నేననను. నేను రాసింది తప్పని కూడా అనను" అన్నాడు.

"రెండూ నిజం కాలేవు, వాల్టర్" అంది డాక్టర్ కాల్డర్.

ఎలా చదివావని ఆయన్ని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పదకొండేళ్లలో ఆవిడ ఆయన పక్కన నిలబడి ఒక్క తాబేలునైనా చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ ఆ రోజు తీర్పు ఏమయిందంటే, ఈ ఏడాది నివేదికలో మొదటి పదకొండేళ్ల రాతలు నమ్మదగినవి కావని రాసి తీసేస్తారు. వాల్టర్‌కు ఈ వేసవి నుంచి పని ఉండదు.

మెట్లు దిగుతూ ఆయన నా దగ్గర ఆగాడు. "మిసెస్ రత్నం, ఒక చిన్న పని చేసి పెడతారా? జూన్‌లో వాన పడి వెలిసి మొదటి వెచ్చటి పొద్దున, పెద్ద మలుపు దగ్గర ఇసుక వాలు మీదికి వెళ్ళండి. మూలనుంచి మూడో కంచె గుంజ. అక్కడికి తొమ్మిది–రెండు వస్తుంది, ఆడది. ఎడమ వెనక కాలు లేదు, రకూన్ కొరికేసింది. అది వచ్చిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పండి చాలు."

చెబుతానన్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మావారికి ఇదంతా గొప్పగా చెప్పాను. ఆయన, "పాపం, పెద్దాయన. నువ్వు ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి అడగాల్సింది రత్నం" అన్నారు. ఆయనకు తాబేళ్ల గురించి ఏం తెలుసని నాకు కోపం వచ్చింది.

మూడో గుంజ

జూన్ రెండో వారంలో రెండు రోజులు వాన పడి వెలిసింది. ఏడు గంటలకు వాలు మీద గడ్డిలో కూర్చున్నాను. అది నివేదిక పోస్టులో వేయాల్సిన రోజు. డిపార్ట్‌మెంట్ టపా మధ్యాహ్నం పన్నెండుకు వెళుతుంది.

ఏడున్నరకు ఒక తాబేలు వాగులోంచి ఎక్కి, నా బూటు పక్కనుంచే నడిచి, సూటిగా మూడో గుంజ దగ్గరికి వెళ్ళింది. వెనక కాలు ఒకటి లేదు. గాట్లు చదివాను. ఎడమ రెండు, కుడి తొమ్మిది. రెండు–తొమ్మిది అంటే రిజిస్టరు ప్రకారం నాలుగు కాళ్ళూ ఉన్న మగది. పైగా లేనిది కుడి కాలు. ఆయన ఎడమ అని కదా చెప్పాడు. 'మహానుభావుడు కాలు కూడా తప్పు రాశాడు' అని నాలో నేను నవ్వుకున్నాను.

అది తవ్వడం మొదలుపెట్టింది. ఆడ తాబేలు వెనక కాళ్ళతో తవ్వుతుంది, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, మార్చి మార్చి. దీనికి ఎడమ కాలు గుప్పెడు ఇసుక తీసి పక్కన పోస్తోంది. తరువాత కుడి వంతు వస్తే, లేని కాలి మొండి గోతిలోకి దిగి, ఖాళీగా తోడి, ఖాళీగా పక్కన పోసి వస్తోంది. వంతు తప్పడం లేదు. అన్నిసార్లూ సగం పని వృథా, అయినా ఆపడం లేదు.

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. ఏ నెల, ఏ పొద్దున, ఎన్నో గుంజ అన్నీ చెప్పగలిగిన మనిషికి ఏ కాలు పోయిందో తెలియదా? కాలు పక్క మారదు కదా. మారితే చూసేవాడి పక్క మారాలి. వాల్టర్ దాన్ని ఎలా పట్టుకుని చూశాడు?

ఆలోచన తెగక, చెప్పుకోడానికి నవ్వొచ్చే పని చేశాను. తడి గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను. వాల్టర్ నా పాదాల దగ్గర నిలబడి నన్ను చూస్తున్నాడనుకున్నాను. కుడి కాలు ఎత్తాను. ఆయనకు అది ఎడమవైపు. ఎడమ చెయ్యి ఎత్తాను. ఆయనకు అది కుడివైపు. మైనపు పళ్ళెంలో కప్పలాగా ఆ పొలంలో కాళ్ళూ చేతులూ ఎత్తుతూ పడి ఉన్నాను. మా మాస్టారు చూస్తే స్కేలు విరిగేదాకా కొట్టేవారు.

వాల్టర్ మగా ఆడా చూడటానికి తాబేలును ఒళ్ళో వెల్లకిలా వేసుకుని, తల మోకాళ్ల వైపు ఉంచి, అలాగే గాట్లు పెట్టి, అలాగే చదివి ఉంటాడు. ఎడమ అంటే ఆయన ఎడమ. పదకొండేళ్లూ ఒకే పద్ధతి. అలాగైతే మూడు–ఎనిమిది నాకు దొరికినప్పుడు నేను ఎనిమిది–మూడు పేజీ తీయాలి. రెండు పక్కలా ఒకే అంకె ఉన్నవి ఎటు తిప్పినా ఒకటే, అందుకే అవి సరిపోయాయి.

ఇదంతా ఊహ. రుజువు నాకు పది అడుగుల దూరంలో ఉంది, ముట్టుకోకూడదు. గుడ్లు పెట్టే తాబేలును కదిలిస్తే గొయ్యి వదిలేసి పోతుంది. వెంటనే పరిగెత్తి ఫోన్ చేద్దామా అనిపించింది. కానీ రూఢి చేసుకోకుండా ఒకసారి మాట్లాడే కదా ఇంత పని చేశాను. కూర్చున్నాను. ఎనిమిదయింది, తొమ్మిదయింది. వాచీ చూసుకోవడం, ప్రార్థన చేసుకోవడం, మళ్ళీ వాచీ. అది మాత్రం నిమ్మళంగా ఒక్కో గుడ్డూ పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమింది. నా జీవితంలో అంత పొడుగు పొద్దు ఇంకొకటి లేదు.

పదకొండుకు పది నిమిషాలుండగా అది వాగు వైపు తిరిగింది. నాలుగడుగులు పోనిచ్చి ఎత్తాను. ఒళ్ళో వెల్లకిలా వేసుకున్నాను, తల మోకాళ్ల వైపు. నా ఎడమవైపు తొమ్మిది. నా కుడివైపు రెండు. లేని కాలు నాకు ఎడమవైపు.

తొమ్మిది–రెండు. దాన్ని నేల మీద దింపి, "తల్లీ, క్షమించు" అని తెలుగులోనే చెప్పాను.

తల ఎటు

దగ్గరలో ఉన్న రైతు ఇంటికి పరిగెత్తాను. ఆ ఇంటావిడ నా బురద బూట్లు చూసి కూడా వంటింట్లోకి రానిచ్చి ఫోను చూపించింది. డాక్టర్ కాల్డర్ ఎత్తింది. ఒగుర్చుకుంటూ అంతా చెప్పాను.

"వెల్లకిలా వేసినప్పుడు తల ఎటు ఉంది?" అని అడిగింది.

"నాకు దూరంగా, మోకాళ్ల వైపు."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది. "మూడు–ఎనిమిది బదులు ఎనిమిది–మూడు చూస్తున్నాను. ఆడది. కొలత సరిపోయింది" అంది. మరో రెండు తిప్పింది. "ఇవీ సరిపోయాయి. రత్నం, కవరు ఇంకా నా బల్ల మీదే ఉంది. టపాలో వేయలేదు."

నేను ఆ వంటింటి నేల మీదే కూర్చున్నాను. ఆ తల్లి మంచినీళ్ళు ఇచ్చింది. గుండె దూదిపింజలా తేలికైంది. ఇంకో గంట ఆలస్యమైతే ఆ కవరు పోయేది. పోయాక వెనక్కి రప్పించవచ్చునేమో, కానీ అచ్చులో ఒకసారి పోయిన పరువు అచ్చులో తిరిగి రాదు.

జోయన్నా, ఇక్కడ నీకొక మాట. నువ్వు చేరిన మొదటి రోజు, నీకంటే ముందు అక్కడ పనిచేసిన మనిషిని వెతుక్కో. చదువుకున్నవాడా కాదా అని చూడకు. ఒక తాబేలును ఆయన చేతికిచ్చి, "మీరు ఎలా పట్టుకుంటారో చూపించండి" అని అడుగు. ఒక్క నిమిషం పని. నేను ఆ నిమిషం మిగుల్చుకున్నాను.

వాల్టర్ ఇంటి మెట్లు

ఆ మధ్యాహ్నమే డాక్టర్ కాల్డర్ స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చి నన్ను ఎక్కించుకుంది. వాల్టర్ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవబోతే నేనే గబగబా వెళ్ళి వద్దన్నాను.

"మిస్టర్ వాల్టర్, తప్పు నాది. మీరు ఎలా పట్టుకుంటారో అడగకుండా మీ పుస్తకం దిద్దాను. నన్ను క్షమించండి" అన్నాను. ఇంగ్లీషులో చాలా అందంగా చెప్పాలని కారులో అనుకున్నవన్నీ మరిచిపోయాను.

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "మరి అది వచ్చిందా?"

"వచ్చింది. మూడో గుంజ దగ్గరికే."

"ఆ మొండి కాలితో ఇంకా తవ్వుతోందా?"

"తవ్వుతోంది. వంతు తప్పకుండా."

ముఖమంతా నవ్వయింది ఆయనకు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. గడ్డిలో కప్పలా పడుకున్న సంగతి చెబితే కర్ర చేత్తో పట్టుకుని పగలబడి నవ్వాడు. మొదట్లో చేత్తో పట్టుకున్నవన్నీ కరిచే స్నాపింగ్ తాబేళ్లట. మూతి తనకు దూరంగా ఉంచడం అప్పుడు పడిన అలవాటట.

డాక్టర్ కాల్డర్ రిజిస్టరు తెచ్చింది. నా ఎర్ర సిరా మీద తెల్ల కాగితం అతికించి ఇస్తానన్నాను. వాల్టర్ ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి మిసెస్ రత్నం. మీరు రాసిందీ నిజమే కదా, అటు నుంచి" అన్నాడు. అట్ట లోపలి పేజీలో వెల్లకిలా ఉన్న తాబేలు బొమ్మ ఒకటి ఆయన చేత గీయించి, మోకాలు నయమవగానే పనిలోకి రమ్మంది డాక్టర్ కాల్డర్. తరువాత ఆరు వేసవులు ఆయనా నేనూ ఆ వాగు వెంట కలిసి తిరిగాం.

ఆ రోజు సెలవు తీసుకునే ముందు ఆవిడ మెట్టు మీద, ఆయన పక్కనే కూర్చుంది. అంత పెద్ద ప్రొఫెసరు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదు, వాల్టర్" అంది.

ఆయన బఠాణీల గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తెలుసు మేడమ్" అన్నాడు. "అవి రాసిన ప్రతి రోజూ నేనక్కడే ఉన్నాను."